ఎర్ర మేపుల్‌కి చెంబుడు నీళ్లు

సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ ఎర్ర మేపుల్ ఫోటో పడగానే నాకు ఒళ్లు మండింది. ఏదో జపాన్ తోటలోది. వెనకాల పొగమంచు, పక్కన సెలయేరు, కింద పచ్చటి నాచు, మధ్యలో ఎర్రగా మెరిసిపోతున్న చెట్టు. దాని కింద మా అధ్యక్షులు వెంకటరామారావుగారి రాత: "డాక్టర్ లక్ష్మీపతి గారి జ్ఞాపకార్థం మనం నాటబోయే చెట్టు. ఎలా ఉంది?" ఆ కింద వరసపెట్టి చప్పట్లు, దణ్ణాలు, గుండెకాయలు. లక్ష్మీపతి పెళ్లాన్ని ఒక్క మాట అడుగుదామని ఒక్కరికీ తోచలేదు.

ఆ పెళ్లాన్ని నేనే. పేరు లీల. వైజాగ్‌లో బోటనీ ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి హానోవర్ వచ్చి, ఊరి బయట ఒక చెట్ల నర్సరీలో రిటైరయ్యేదాకా పనిచేశాను. ఏ చెట్టు ఎక్కడ బతుకుతుంది, ఎక్కడ చస్తుంది అని జనానికి చెప్పడమే నా ఉద్యోగం. జర్మన్లు విన్నారు. డబ్బిచ్చి మరీ విన్నారు. మనవాళ్లకే చెవికెక్కలేదు.

ఆ చెట్టు ఎక్కడ పెడదామనుకున్నారో చెప్తాను. మా తెలుగు సంఘం ఉగాదికీ వినాయక చవితికీ అద్దెకు తీసుకునే హాలు ఒకటుంది, చర్చి వాళ్లది. దాని వెనక పెరడు. సగం సిమెంటు పలకలు, సగం ఇసుక నేల, ఒక పక్క దక్షిణం వైపుకు తిరిగి ఉన్న పెద్ద తెల్లగోడ. మొన్నమొన్నటిదాకా అక్కడొక పెద్ద మేపుల్ ఉండేది, ఈ దేశపు కొండల్లో పెరిగే రకం. దాని కింద ఒక బెంచీ. హాల్లో ఉపన్యాసాలు మొదలవగానే మా ఆయన మెల్లగా జారుకుని ఆ బెంచీ మీద తేలేవాడు. పిల్లల డాక్టరు కదా, వెనకే పిల్లల్ని చంకనేసుకుని తల్లులు వచ్చేవారు. "ఆ అను, నాలిక చూపించు" అంటూ అక్కడే దర్బారు. ఈ ఊరి తెలుగు పిల్లల్లో ఆయన చేత సూది పొడిపించుకోనివాళ్లు తక్కువ.

వరసగా వచ్చిన మండు వేసవులు ఆ చెట్టుని తినేశాయి. కొండల చల్లదనానికి పుట్టిన చెట్టు, ఇసుక నేలలో నీళ్లందక నీరసపడింది. నీరసపడ్డదాన్ని తెగులు పట్టింది. బెరడు పొరలుగా లేచి, లోపల మసిలాంటి నల్లపొడి బయటపడింది. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదని మనుషులు మాస్కులు కట్టుకుని వచ్చి కోసుకుపోయారు. ఆ ఏడు చవితికి మా ఆయన నీడలేని బెంచీ మీద కూర్చుని, ఒక చేత్తో గొడుగు పట్టుకుని పిల్లల నాలికలు చూశాడు. ఇంటికొస్తూ ట్రామ్‌లో అన్నాడు, "లీలా, అక్కడో చెట్టు పెట్టించవే. నువ్వే ఎంచు. పిల్లలు మాడిపోతున్నారు." ఆ తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో ఆయన పోయాడు. ఆయన నన్ను అడిగిన ఆఖరి పని ఆ చెట్టే.

అందుకని పిలవకపోయినా, చెట్టు గురించి పెట్టుకున్న సంఘం సమావేశానికి వెళ్లాను. వెంకటరామారావుగారి ఇంట్లో, సోఫాల నిండా జనం, బల్ల మీద పకోడీలు. ఆయన రిటైరైన ఇంజినీరు. మా ఆయన్ని అన్నయ్యగారూ అనేవాడు, ఆ వరసన నేను వదినని.

"రామారావుగారూ, ఈ చెట్టు అక్కడ బతకదండీ," అన్నాను, ఇంకా కూర్చోకుండానే.

"అదేంటి వదినగారూ! అక్కడ ముందున్నదీ మేపులే కదా?"

"అది కూడా చచ్చింది కదండీ! మేపుల్ అనగానే అన్నీ ఒకటైపోవు. చక్రకేళీ, కూరరటీ ఒకటేనా? ఇది మంచుపట్టే కొండల్లో, పెద్ద చెట్ల చాటున పెరిగే చెట్టు. దీని ఆకు చూడండి, ఎంత పల్చనో. తీసుకెళ్లి జూలైలో ఆ తెల్లగోడ ముందు నిలబెడితే అప్పడంలా వేగుతుంది."

"మరి ఏది పెట్టమంటారు?"

నేను సంచీలోంచి కొమ్మ తీశాను. నర్సరీకి వెళ్లి అడిగి తెచ్చుకున్నాను. "దీన్ని ఇక్కడ కోట మేపుల్ అంటారు. మోజెల్ నది పక్కన ద్రాక్షతోటల పైన రాళ్లగుట్టలుంటాయి చూడండి, పాత కోటల కింద, అక్కడ పెరుగుతుంది. మట్టే ఉండదు, వాన సరిగా పడదు, అయినా నిక్షేపంలా ఉంటుంది. ఆకు చిన్నది, మూడు రేకులు. పట్టుకుని చూడండి, తోలులా లేదూ? అందుకే నీళ్లు గబుక్కున పోగొట్టుకోదు. ఇది నచ్చకపోతే పొలంగట్ల మేపుల్ ఉంది, అదీ ఎండకు ఓర్చుకుంటుంది. ఈ రెండింట్లో ఏదైనా సరే. పదేళ్లకి బెంచీ మీద నీడ పడుతుంది."

పెళ్లిచూపుల్లో నచ్చని పిల్ల ఫోటోలా ఆ కొమ్మ చేతులు మారింది. "ఆకు మరీ ఇంతేనా అండీ," అన్నారు ఒకరు. "గ్రూప్ ఫోటోలో అసలు కనిపిస్తుందా?" అన్నారు ఇంకొకరు. వెంకటరామారావుగారి భార్య ఊర్మిళ పకోడీల పళ్లెం పట్టుకుని వచ్చి, "ఎరుపు శుభం కదా అక్కయ్యగారూ, ఈ పచ్చాకు ఎక్కడైనా ఉండేదే," అంది.

"శుభం సంగతి నాకు తెలీదు ఊర్మిళా. బతికేది ఏదో తెలుసు."

అప్పుడు వెంకటరామారావుగారు గొంతు తగ్గించాడు. ఆస్పత్రిలో పేషెంటుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "మీ బాధ మాకు తెలుసు వదినగారూ. ఈ టైంలో మీరు ఇవన్నీ నెత్తిన పెట్టుకోకండి. అంతా మేం చూసుకుంటాం."

ఆ మాటంటే నాకు అసహ్యం. మా ఆయన పోయిన రోజు నుంచీ అందరూ అదే మాట. నేను చెట్ల గురించి మాట్లాడుతుంటే వాళ్లు నా మొగుడి గురించి జాలిపడుతున్నారు. జాలి చూపించి నోరు నొక్కడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది. చేతులెత్తించారు. అందరి చేతులూ ఎర్ర మేపుల్‌కే లేచాయి. నా కొమ్మ పకోడీల పళ్లెం పక్కన పడి ఉంది. దాన్ని తీసి సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

మే నెలలో నాటారు. మే నెలలో ఎందుకయ్యా, వేసవి ముందర, అక్టోబరుదాకా ఆగితే చలికాలమంతా వేరు పట్టుకుంటుంది కదా అని మెసేజ్ పెడితే, హాలుకి టెర్మిన్, అంటే తేదీ, మేలోనే దొరికిందన్నారు. సరే, ఏ చెట్టయినా గొయ్యి సరిగ్గా తవ్వితే దానికొక అవకాశం ఉంటుంది. చీర కింద పని బూట్లు వేసుకుని, నా పార పట్టుకుని ట్రామెక్కాను. ఆ పార నర్సరీవాళ్లు నేను రిటైరైనప్పుడు ఇచ్చింది. లక్ష్మీపతి చెట్టుకి ఆ పారతోనే గొయ్యి తవ్వాలని నా ఆశ.

వెళ్లేసరికి గొయ్యి తవ్వేసి ఉంది, బిందె పట్టేంత. చుట్టూ ముగ్గు. పక్కన పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, వెండి చెంబు. నేను గొయ్యి వైపు వెళ్లబోతే వెంకటరామారావుగారు ఎదురొచ్చాడు.

"వదినగారూ, మీకు అక్కడ కుర్చీ వేయించాను, నీడలో. ఐదుగురు పుణ్యస్త్రీల చేత నీళ్లు పోయించి మొదలుపెడదామని ఊర్మిళ అంటోంది. మీరేం అనుకోకండి. శుభమా అని..."

ఆ మాట పూర్తిచెయ్యలేదు. పూర్తిచెయ్యక్కర్లేదు. అక్కడున్న అందరికీ అర్థమైంది. నలభై ఏళ్లు ఈ దేశంలో బతికి, పన్నులు కట్టి, పిల్లల్ని డాక్టర్లనీ లాయర్లనీ చేసిన మనుషులు. ఒక్కరు కూడా నోరెత్తలేదు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు, మగవాళ్లు ఫోన్లు చూసుకున్నారు. ఎవరి పేరున చెట్టు నాటుతున్నారో ఆయన మంచం పక్కన రాత్రింబవళ్లు కూర్చున్న మనిషిని నేను. ఆయన చెట్టుకి నా చెయ్యి అశుభం!

ఊర్మిళ మొదటి చెంబు పోసింది. ఆ తర్వాత మరో నలుగురు. నేను కుర్చీలో కూర్చోలేదు. పార భుజాన వేసుకుని గేటు దాటి వచ్చేశాను. వెనక చప్పట్లు వినిపించాయి.

సాయంత్రం మా అమ్మాయి నీనా బెర్లిన్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, ఫోటోల్లో నువ్వు లేవు. వరుమ్?" అంది. వరుమ్ అంటే ఎందుకని. దానికి కోపమొచ్చినా కంగారొచ్చినా ముందు జర్మనే వస్తుంది.

చెప్పాను.

"పుణ్యస్త్రీ అంటే ఏంటి?" అంది.

"మొగుడు బతికున్న ఆడది."

"దానికీ చెట్టుకీ ఏంటి సంబంధం?"

ఆ ప్రశ్న అక్కడ నిలబడి నేను అడగాల్సింది. అడగలేదు, అడిగితే ఏడుస్తానని. ఏడిస్తే మళ్లీ జాలిపడతారని.

జూన్‌లో వానల్లేవు. జూలైలో ముప్పై ఆరు, ముప్పై ఏడు. రోజుకొక పుణ్యస్త్రీ వంతు వేసుకుని, స్నానం చేసి వెళ్లి, చెంబుడు నీళ్లు పోసి, కాండానికి బొట్టు పెట్టి గ్రూపులో ఫోటో పెట్టడం మొదలుపెట్టారు. తులసికోటకి పోసినట్టు! కుండీలో తులసికి చెంబు సరిపోతుంది. నేలలో కొత్తగా నాటిన చెట్టుకి చెంబుడు నీళ్లు పోస్తే పైన ఇంత మేర తడుస్తుంది, మధ్యాహ్నానికి ఆవిరైపోతుంది. కింద నేల ఎండిపోయే ఉంటుంది. వేరు కిందికి దిగదు. నేను గ్రూపులో రాశాను: "దయచేసి చెంబులు ఆపండి. వారానికి రెండుసార్లు చాలు, కానీ పోసినప్పుడు బకెట్లతో, నెమ్మదిగా, నేల లోతుగా తడిసేదాకా పొయ్యండి." దానికి ఇద్దరు దణ్ణం బొమ్మలు పెట్టారు. ఊర్మిళ జవాబిచ్చింది: "రోజూ తప్పకుండా పోస్తున్నాం అక్కయ్యగారూ, మీరు నిశ్చింతగా ఉండండి."

నేనే వెళ్లి పోద్దామంటే పెరటి గేటు తాళం వెంకటరామారావుగారి దగ్గరుంది. అడిగితే, "ఈ ఎండలో మీకెందుకండీ శ్రమ," అన్నాడు. గేటు బయట నిలబడి ఊచల్లోంచి చూడటం తప్ప నాకు దారి లేదు. మొదట ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. తర్వాత ఆకులు ముడుచుకున్నాయి. ఆగస్టు మధ్యకి చెట్టు మొత్తం టీపొడి రంగులో ఉంది, బొట్టు మాత్రం తాజాగా ఉంది. మొగుడు పోయినప్పుడు కూడా నాకు అంత నిస్సహాయంగా అనిపించలేదు. అప్పుడు కనీసం ఆయన గది తలుపు నాకు తెరిచే ఉంది.

వినాయక చవితికి వెళ్లకూడదనుకున్నాను. కానీ ఆయన లేకుండా వచ్చిన చవితికి పులిహోర చేసి పంపించి ఊరుకోవడం నాకు చేతకాలేదు. ఆయనకిష్టమైన నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, గిన్నె పట్టుకుని వెళ్లాను. హాలు వంటగది తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల ఊర్మిళ గొంతు.

"ఉసురు తగిలిందమ్మా, ఇంకేంటి. ఆ రోజు ఏడుపు మొహంతో వెళ్లిపోయింది. ఆ తర్వాత రోజూ గేటు బయట నిలబడి చూస్తోందట. నిగనిగలాడే చెట్టు, మాడిపోదా మరి? శాంతి చేయించి మళ్లీ అలాంటిదే తెచ్చి పెడదామంటున్నారు ఈయన."

పులిహోర గిన్నె గుమ్మంలోనే దించాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు దుఃఖం లేదు. ఇన్నాళ్లూ కోపం వెనక దుఃఖం ఉందనుకున్నాను. లేదు. ఉత్త కోపమే. అంత శుభ్రమైన కోపం నాకు ముందెప్పుడూ రాలేదు.

పూజ కోసం పెరటి తలుపు తీసి ఉంది. హాలు మధ్యలోంచి నడిచి పెరట్లోకి వెళ్లాను. చెట్టు కాండం రెండు చేతులా పట్టుకుని లాగాను. ఒక్క లాగుకే వచ్చేసింది. నాలుగు నెలలు నేలలో ఉన్న చెట్టు, అప్పుడే పాతిన గుంజలా ఊడి వచ్చింది. దాన్ని పట్టుకుని లోపలికొచ్చాను. ఎండుటాకులు దారిపొడుగునా రాలాయి. ఎవరో "అయ్యో, అయ్యో" అన్నారు. ఉండ్రాళ్ల పళ్లెం పక్కకి జరిపి, బల్ల మీద ఆ చెట్టుని అడ్డంగా పడుకోబెట్టాను.

"ఇటు రా ఊర్మిళా. నా ఉసురు ఎలా ఉంటుందో చూపిస్తాను."

ఆమె కదల్లేదు. వెంకటరామారావుగారు ముందుకొచ్చాడు. "వదినగారూ, పండగపూట..."

"మీరూ రండి. ఇంజినీరు కదా, చూస్తే మీకు తెలుస్తుంది. ఈ వేర్లు ఏ ఆకారంలో ఉన్నాయి?"

ఆయన చూశాడు. అందరూ చూశారు. వేళ్లన్నీ గుండ్రంగా చుట్టుకుని, షాపులో కొన్న ప్లాస్టిక్ కుండీ ఆకారంలో అచ్చుపోసినట్టు ఉన్నాయి. ఒక్క వేరు కూడా బయటికి రాలేదు. పైన పసుపు కలిసిన మట్టి పొర. దాని కింద అంతా పొడి ఇసుక, బల్లగుడ్డ మీద జలజలా రాలింది.

"కుండీలా ఉంది," అన్నాడు మెల్లగా.

"కుండీ తీసేసినా కుండీలోనే ఉంది. నాటేముందు వేళ్లు విడదియ్యలేదు. చుట్టూ నేల గుల్ల చెయ్యలేదు. ముగ్గేశారు! కింద నీళ్లుంటే కదా వేరు కిందికి వెళ్లేది? మీరు పోసిన చెంబుడు నీళ్ల కోసం పైపైనే పడుంది. దాహంతో చచ్చింది రామారావుగారూ. ఐదుగురు పుణ్యస్త్రీలు వంతులేసుకుని రోజూ బొట్టు పెడుతుంటే, దాహంతో చచ్చింది. తాళం మీ దగ్గర పెట్టుకున్నారు. నీళ్లు పొయ్యడం తెలిసినదాన్ని గేటు బయట నిలబెట్టారు. ఇప్పుడు నా ఉసురంటారా? ఉసురే తగిలేదైతే చెట్టుకెందుకు తగులుతుంది, మీకు తగలాలి!"

ఒక పసివాడు ఏడుపందుకున్నాడు. నేను గొంతు తగ్గించలేదు.

"లక్ష్మీపతి పోయాడని మీ అందరికీ తెలుసు. ఆయనతోపాటు నేనూ పోయాననుకున్నారు. పోలేదు. ఇంకెవరూ ఆయన పేరు మీద ఏదీ పెట్టొద్దు. పెట్టేది నేను."

పులిహోర గిన్నె గుమ్మంలోనే వదిలేసి ఇంటికొచ్చాను. ఎవరు తిన్నారో నాకు తెలీదు.

సెప్టెంబరులో చర్చి పాస్టరమ్మ దగ్గరికి వెళ్లాను. తెల్లజుట్టు మనిషి. ఏం చెట్టని మాత్రం అడిగింది. చెప్పాను. ఆ పేరు వినగానే, "మా నాన్నగారి ఊళ్లో కోటగుట్ట మీద ఉండేవి," అంది. గేటు తాళం రెండోది సొరుగులోంచి తీసి నా చేతిలో పెట్టింది. అంతే. ఇంత తేలికైన పని కోసం నేను ఇన్ని నెలలు మావాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాను.

అక్టోబరు ఆఖరి శనివారం. నర్సరీవాళ్లు పొద్దున్నే చెట్టుని దించి వెళ్లారు. నా ఎత్తుకి కాస్త ఎక్కువ. ఆకులు పసుపుకి తిరిగి సగం రాలాయి, ఫోటోకి అసలు పనికిరాదు. గ్రూపులో ముందురోజు ఒక్క మాటే రాశాను: "రేపు పదింటికి డాక్టరుగారి చెట్టు నాటుతున్నాను. వచ్చేవాళ్లు బకెట్లు తెచ్చుకోండి. చెంబులు తేవద్దు." దణ్ణం బొమ్మ కూడా ఎవరూ పెట్టలేదు.

ఎవరూ రారనుకుని ఎనిమిదింటికే మొదలుపెట్టాను. నా పారతోనే. గొయ్యి వెడల్పుగా తవ్వాను, అడుగున నేల గుల్ల చేశాను, ఇటుకముక్కలు ఏరిపారేశాను. వేళ్లు విడదీసి చెట్టు నిలబెట్టి, మట్టి కప్పి బూటుకాళ్లతో తొక్కాను. చుట్టూ గట్టు కట్టి మొదటి బకెట్ పోశాను. ఇసుక గుటగుటా తాగేసింది. ఏడుద్దామనుకుంటే రాలేదు. పని మధ్యలో ఉన్నాను కదా.

గేటు చప్పుడైంది. ఊర్మిళ. చేతిలో నీలం ప్లాస్టిక్ బకెట్. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల వెనక మరి కొందరు. ఊర్మిళ నా దగ్గరిదాకా వచ్చి తలొంచుకుంది.

"అక్కయ్యగారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారాను."

"జారలేదు. నమ్మే అన్నావు," అన్నాను. "కుళాయి అటుంది. నింపుకురా."

క్షమించానని నేననలేదు. ఆమె కూడా ఇంకేం అడగలేదు. వెళ్లి నింపుకొచ్చింది. పట్టుచీరలు కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు దోపుకుని బకెట్లు మోశారు. నెమ్మదిగా పొయ్యండి, ఇంకినాక పొయ్యండి అని నేను అరుస్తూనే ఉన్నాను. జర్మన్ల మీద కూడా ఎన్నడూ అంతగా అరవలేదు.

అందరి తర్వాత వచ్చాడు వెంకటరామారావుగారు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో ఫోన్. చెట్టుని ఎగాదిగా చూశాడు. గొంతు సవరించుకుని, పదిమందికీ వినపడేలా, పెద్దమనసు చేసుకుని అన్నాడు:

"వదినగారూ, ఈసారి మొదటి నీళ్లు మీరే పొయ్యండి. మేమంతా అనుకున్నాం. మాకేం అభ్యంతరం లేదు." ఫోటోకి ఫోన్ ఎత్తాడు.

"మొదటి నీళ్లు మీరు నిద్రలేవకముందే పోశాను రామారావుగారూ," అన్నాను. "దానికింకా దాహం తీరలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని బకెట్ అందుకోండి."

ఊర్మిళ తన నీలం బకెట్ మొగుడి చేతికిచ్చింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కుళాయి వైపు నడిచాడు.